జేబుచాకు వెల ఎక్కడ పుడుతుంది?

పెన్సిలు చెక్కుకోవటానికి, మామిడికాయ కోసుకోవటానికి, పురికొస తెంచటానికి పనికివచ్చే చిన్న వస్తువు జేబుచాకు. సంతలో దీనిని కొనేవాడు వాదర పదును చూస్తాడు, మడత బిగువుగా ఉన్నదో లేదో చూస్తాడు, బేరమాడి కొంటాడు. కొన్నేండ్లు వాడి, సాన పట్టించి పట్టించి అలుగు అరిగిపోయిన తరువాత మరొకటి కొంటాడు. ఈ వ్యవహారంలో వింత ఏమీ కనపడదు.

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో టైటస్‌విల్ అనే చిన్న పట్టణం ఉన్నది. 1859లో ఎడ్విన్ డ్రేక్ అక్కడ త్రవ్వించిన నూనెబావి వలన ఆ ఊరి పేరు చరిత్ర కెక్కింది. ఆ ఊరిలోనే 2006లో గ్రేట్ ఈస్టర్న్ కట్లరీ అనే చాకుల కర్మాగారం వెలసింది. పాతకాలపు నమూనాలలో, పాతకాలపు పద్ధతులలో, కొద్దికొద్ది సంఖ్యలలో చాకులు చేయటం దీని ప్రత్యేకత. ఒక నమూనాలో ఒక రకం పిడి గల చాకులు కొన్ని వందలు మాత్రమే ఉండవచ్చును. కొన్ని రకాలు నూటికి లోపే ఉంటాయి. వీటిలో కొన్ని వర్తకుల వద్దకు వచ్చిన దినముననే అమ్ముడుపోతాయి. తరువాత అవే చాకులు, పెట్టె కూడా విప్పకుండా, మారుబేరంలో హెచ్చువెలకు చేతులు మారుతాయి.

ఉదయం ఒక వెల, సాయంకాలం మరొక వెల. ఈ నడుమ ఉక్కు మారలేదు, పిడి మారలేదు, పనివాని కూలి మారలేదు. మరి ఆ పెరిగిన వెల ఎక్కడ నుండి వచ్చింది? ఇది చాకులు పోగుచేసేవారికి మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. తపాలాబిళ్ళలకు, నాణేలకు, బొమ్మలకు, ఆట చూడటానికి అమ్మే టికెట్లకు కూడా ఇదే ప్రశ్న వర్తిస్తుంది. వెల వస్తువులోనే దాగి ఉంటుందని భ్రమపడినవారు ఇట్టి చోట్లనే నష్టపోతూ ఉంటారు.

సరఫరా ఎందుకు పరిమితం?

మడతచాకు చూడటానికి సులభమైన వస్తువు, చేయటానికి కాదు. అలుగు, దానిని నొక్కిపట్టే వెన్నుస్ప్రింగు, ఇరుప్రక్కల రేకులు, వాటిపై పిడిబిళ్ళలు, అన్నిటినీ కలిపే మేకులు ఇందులోని భాగాలు. టైటస్‌విల్ చాకులలో హెచ్చుగా వాడే ఉక్కును 1095 అంటారు. దీనిలో కర్బనం నూటికి సుమారు 0.95 పాలు ఉంటుంది. ఇట్టి ఉక్కును సుమారు 800 డిగ్రీల సెంటీగ్రేడు వరకు కాచి నూనెలో ముంచితే గట్టిపడుతుంది. కాని గాజువలె పెళుసవుతుంది. మరల 200 డిగ్రీల ప్రాంతంలో కాచి పెళుసుతనాన్ని తగ్గిస్తారు. ఇది మంచి పదును నిలుపుతుంది. తడి తగిలితే తుప్పు పడుతుంది.

కష్టమంతా కూర్పులో ఉన్నది. చాకు తెరచినపుడు, మూసినపుడు కూడా స్ప్రింగు వెన్ను రేకులతో సమానంగా ఉండాలి. అలుగు ఊగరాదు. తెరచునపుడు తగిన బిగువు ఉండాలి. గోరు విరిగేటంత బిగువు పనికిరాదు. ఇదంతా పనివాడు చేతితో సరిచూచి, రుద్ది, మరల సరిచూచి సాధించవలసిన పని. పైగా ఒక నమూనా ముగించి మరొక దానికి పోవాలంటే అచ్చులు, అమరికలు మార్చాలి. కనుక ఒక విడతలో చేసినన్ని చేసి, తరువాత మరొక నమూనాకు పోతారు. ఆ విడత ముగిసిన తరువాత ఎవరు ఎంత ఇస్తామన్నా, ఆనాటికి ఆ చాకులు అన్నే.

అర్థశాస్త్రవేత్తలు దీనిని వ్యాకోచం లేని సరఫరా అంటారు. గ్రాఫుకాగితంపై నిలువుగీత మీద వెలను, అడ్డగీత మీద సంఖ్యను గుర్తిస్తే, ఇట్టి సరఫరారేఖ నిట్టనిలువుగా ఉంటుంది. వెల ఎంత పెరిగినా సంఖ్య కదలదు. పొద్దున ఒడ్డుకు చేరిన చేపల వంటిదే ఇది. రేపు మరికొన్ని పడవలు పోవచ్చును కాని, ఈ పూట సంతకు వచ్చిన చేపలు వచ్చినన్నే.

కత్తెరకు రెండు అలుగులు

సరఫరా తక్కువైనంత మాత్రాన వెల పెరుగుతుందా? పెరగదు. ఊరి వడ్రంగి తన పిల్లవానికోసం ఒకే ఒక కొయ్యబొమ్మ చెక్కితే, ప్రపంచంలో అట్టిది మరొకటి లేదు. అయినా దానిని కొనగోరేవారు లేకపోతే దాని వెల సున్న. కొరత అనేది వస్తువు యొక్క గుణం కాదు. ఉన్నవాటికీ, కోరేవారికీ మధ్యగల సంబంధం.

వెలను నిర్ణయించేది ఉత్పత్తి ఖర్చా, లేక కొనేవానికి కలిగే ప్రయోజనమా అని 19వ శతాబ్దంలో పెద్ద వాదం జరిగింది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి ఆచార్యుడు ఆల్‌ఫ్రెడ్ మార్షల్ 1890లో ప్రకటించిన తన గ్రంథంలో దీనికి ఒక కత్తెరను ఉపమానంగా చెప్పాడు. కాగితాన్ని కత్తిరించేది పై అలుగా, క్రింది అలుగా అని వాదులాడటం ఎంత వ్యర్థమో, ఇదీ అంతే అన్నాడు. గిరాకీ ఒక అలుగు, సరఫరా ఒక అలుగు. రెండూ కలిసిన చోటనే వెల తెగుతుంది.

ఒక ఊహాలెక్క ద్వారా దీనిని చూడవచ్చును. ఒక కర్మాగారం 100 చాకులు చేసి, ఒక్కొక్కటి 100 డాలర్లకు అమ్మదలచిందని అనుకొందాము. ఏ వెలకు ఎందరు కొనగోరుతారో ఇట్లా ఉన్నదనుకొందాము:

100 డాలర్లకు 400 మంది
150 డాలర్లకు 280 మంది
200 డాలర్లకు 180 మంది
250 డాలర్లకు 100 మంది
300 డాలర్లకు 60 మంది

వెల పెరిగినకొద్దీ కోరేవారు తగ్గుతున్నారు. ఉన్న 100 చాకులకు సరిగా 100 మంది మిగిలేది 250 డాలర్ల వద్ద. దీనినే సమతౌల్యపు వెల అంటారు. కాని కర్మాగారం అడిగినది 100 డాలర్లే. అపుడు 400 మంది ముందుకు వస్తారు. 300 మంది వట్టిచేతులతో పోతారు. నిర్ణీతమైన వెలకూ, సమతౌల్యపు వెలకూ మధ్య 150 డాలర్ల వెలితి ఏర్పడింది. ఉదయానికీ సాయంకాలానికీ మధ్య పుట్టినట్లు కనిపించిన వెల ఇదే. నిజానికి అది క్రొత్తగా పుట్టలేదు. మొదటి నుండీ ఉన్నది బయటపడింది.

వెలితి ఎవరికి దక్కుతుంది?

ఈ 150 డాలర్లు ఎవరో ఒకరికి చేరుతాయి. కర్మాగారం వేలం వేస్తే దానికే చేరుతాయి. వర్తకుడు వెల పెంచి అమ్మితే అతనికి చేరుతాయి. ముందుగా వచ్చినవారికి ముందు అనే పద్ధతి పెడితే, కాచుకొని కూర్చోగలిగినవానికి, లేదా మారుబేరగానికి చేరుతాయి. కొందరు వర్తకులు చీట్లు వేసి ఎవరి పేరు వస్తే వారికి అమ్మటం కూడా కద్దు. అపుడు అది అదృష్టవంతునికి చేరుతుంది. వెలతో పంచకపోతే వరుసతోనో, చీటితోనో, పరిచయంతోనో పంచవలసినదే. పంపకం లేని మార్గం మాత్రం లేదు.

ఇక్కడ తేడా ఎవరికి తెలుస్తుందో గమనించాలి. చాకును జేబులో పెట్టుకొని పనికి వాడదలచిన రైతు, వడ్రంగి, విద్యార్థి పొద్దంతా కాచుకొని కూర్చోలేడు. 100 డాలర్ల వెల అతని మేలుకోసమే పెట్టి ఉండవచ్చును. కాని అతనికి దక్కేది 250 డాలర్ల చాకే, లేదా ఏదీ లేదు. తక్కువవెల ఉన్నంత మాత్రాన అది ఉద్దేశించినవానికి చేరుతుందనే నమ్మకం లేదు.

అట్లయితే తయారుచేసేవారు వెల ఎందుకు పెంచరు? ఇందుకు ఒక కారణం న్యాయభావన. 1986లో డేనియల్ కానెమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ అనే ముగ్గురు కెనడా ప్రజలను ఒక ప్రశ్న అడిగి ఫలితాలు ప్రకటించారు. ఒక దుకాణంలో మంచు ఎత్తివేసే పారలు 15 డాలర్లకు అమ్ముతున్నారు. పెద్ద మంచుతుపాను వచ్చిన మరునాడు దుకాణదారు వాటి వెలను 20 డాలర్లకు పెంచాడు. ఇది న్యాయమా? జవాబిచ్చినవారిలో నూటికి 82 మంది అన్యాయమన్నారు. లెక్కప్రకారం గిరాకీ పెరిగింది కనుక వెల పెరగటం సహజమే. కాని మనుష్యులు వెలను లెక్కగా మాత్రమే చూడరు. అమ్మేవానికీ తమకూ మధ్యగల మర్యాదగా కూడా చూస్తారు. ఏటా క్రొత్త చాకులు చేసి అదే జనానికి అమ్మవలసిన చిన్న కర్మాగారానికి ఈ మర్యాద మూలధనం వంటిది. ఒక విడతలో నాలుగు డబ్బులు హెచ్చు రాబట్టి, వచ్చే విడతకు కొనేవారిని పోగొట్టుకొనటం లాభం కాదు. పైగా ప్రతి విడతా వెంటనే అమ్ముడుపోవటం వలన సరకు నిలువ ఉండదు, పెట్టుబడి చిక్కుకొనదు.

చేతిలో ఉన్నదానికి విలువ ఎక్కువ

మొదటి అమ్మకంతో కథ ముగియదు. మారుబేరపు సంతలో సరఫరారేఖ నిట్టనిలువుగా ఉండదు. వెల పెరిగితే, దాచుకొన్నవారిలో కొందరు అమ్మటానికి మనసుపడతారు. కాని అనుకొన్నంత మంది మనసుపడరు. పై ముగ్గురే 1990లో ప్రకటించిన ప్రయోగాలలో దీనికి కారణం కనిపిస్తుంది. కొందరు విద్యార్థులకు కాఫీకప్పులు ఉచితంగా ఇచ్చి, ఎంతకు అమ్ముతారని అడిగారు. కప్పులు లేనివారిని ఎంతకు కొంటారని అడిగారు. ఒక ప్రయోగంలో అమ్మేవారి మధ్యస్థ వెల సుమారు 7 డాలర్లు. కొనేవారిది సుమారు 3 డాలర్లు. కప్పు ఒకటే. అది ఎవరి చేతిలో ఉన్నదన్నదే తేడా. పోగుచేసేవారి విషయంలో చాకులు తక్కువగా చేతులు మారటానికి, అడిగే వెలలు హెచ్చుగా ఉండటానికి ఇది కొంత కారణం. అందువలన అడిగిన వెలను చూచి విలువ కట్టరాదు. బేరం కుదిరి అమ్ముడుపోయిన వెలనే చూడాలి.

ముద్ర చెప్పే కొరత, అరుగుదల తెచ్చే కొరత

పెన్సిల్వేనియాలోనే బ్రాడ్‌ఫర్డు పట్టణంలో కేస్ అనే పాత చాకుల కంపెనీ ఉన్నది, 1889లో మొదలైనది. ఇది 1970లో అలుగు మొదట వేసే ముద్ర క్రింద పది చుక్కలు పెట్టింది. తరువాత ఏటా ఒక్కొక్క చుక్క తీసివేస్తూ వచ్చింది. 1980లో ముద్రలో కొద్ది మార్పుతో మరల పది చుక్కలతో ప్రారంభించింది. చుక్కలు లెక్కబెడితే చాకు ఏ సంవత్సరంలో చేసినదో తెలుస్తుంది. దీని ఫలితం చూడండి. పనిచేసేవానికి పది సంవత్సరాల చాకులూ ఒకే చాకు. పోగుచేసేవానికి అవి పది వేరు వేరు వస్తువులు. ఒక పెద్ద సరఫరా పది చిన్న సరఫరాలుగా చీలింది; పదీ కావాలనే గిరాకీ పుట్టింది. ఉక్కులో మార్పు లేకుండానే కొరత ఏర్పడింది.

మరొక ఉదాహరణ రెమింగ్‌టన్ చాకులు. తుపాకులు చేసే ఈ కంపెనీ మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత, 1920లో, చాకులు చేయటం ప్రారంభించింది. పిడిపై తూటా ఆకారంలో చిన్న లోహపుబిళ్ళ గల పెద్ద చాకులను వేటగాండ్రకోసం చేసింది. వాటిని ఎవరూ పరిమితసంఖ్యలో చేశామని చెప్పలేదు. కొన్నవారు వాటితో తోళ్ళు ఒలిచారు, తాళ్ళు కోశారు, సాన పట్టి అరగదీశారు, పారవేసుకొన్నారు. ఈనాడు వాడుక ఎరుగని పాత తూటాచాకు దొరకటం అరుదు. దొరికితే వెల చాల ఎక్కువ. 1982లో అదే నమూనాను ఆ కంపెనీ పేరుతో మరల విడుదల చేశారు. తరువాత ఏటా ఒక్కొక్క నమూనా వచ్చింది. ఈ చాకులను కొన్నవారిలో చాలమంది వాడలేదు, పెట్టెతో సహా దాచారు.

ఇందులోని మర్మం సులభమైనది. వాడి పోగొట్టుకొన్న వస్తువు కాలం గడిచినకొద్దీ తగ్గిపోతుంది. దాచుకొన్న వస్తువు తగ్గదు. అందరూ అరుదు కాగలదని దాచినది, అందరూ దాచారు కనుకనే అరుదు కాదు. 1976లో అమెరికా స్వాతంత్ర్యానికి రెండువందల ఏండ్లు నిండినపుడు కంపెనీలు అనేక స్మారకపు చాకులను విడుదల చేశాయి. అవి క్రొత్తవిగానే ఇండ్లలో నిలిచిపోయాయి. సంఖ్య వేసిన కాగితం పెట్టెలో ఉన్నంత మాత్రాన కొరత ఉన్నట్లు కాదు.

అడవి నుండి వచ్చే పిడి

సరఫరాను తగ్గించేది కర్మాగారం ఒక్కటే కాదు. ప్రకృతి, చట్టం కూడా తగ్గిస్తాయి. చాకుపిడికి ప్రసిద్ధమైన పదార్థాలలో ఒకటి కణుజుకొమ్ము. సాంబరుజింక అని కూడా పిలిచే ఈ జంతువు నల్లమల వంటి మన అడవులలో ఉన్నది. దీని కొమ్ములు రాలిపోయి మరల మొలుస్తాయి. లోపలి మెత్తనిభాగం తక్కువగా ఉండి గట్టిగా ఉంటాయి కనుక, విదేశాలలోని చాకుల తయారీదారులు ఒకప్పుడు భారతదేశపు కొమ్మును తెప్పించుకొనేవారు. 1972లో మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1990ల చివరకు రాలిన కొమ్ముల ఎగుమతి కూడా ఆగిపోయింది. రాలిన కొమ్మునూ, జంతువును చంపి తీసిన కొమ్మునూ సంతలో వేరుచేయటం కష్టం. వెల పెరిగితే వేట కూడా పెరిగే ప్రమాదం ఉన్నది.

ఏనుగుదంతం విషయంలోనూ అంతే. దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధిస్తూ 1989లో దేశాల మధ్య నిర్ణయం జరిగింది. ఇట్టి పదార్థాలలో వెల పెరుగుదల సరఫరాను పెంచటానికి బదులు, సరఫరాకు మూలమైన ప్రాణినే తుదముట్టించవచ్చును. కనుక గిరాకీ, సరఫరాల లెక్క ఎక్కడ ఆగాలో కూడా తెలియాలి. పశువుల ఎముకపై గీతలు చెక్కి కొమ్మును పోలేటట్లు చేయటం తయారీదారులకు పాతవిద్యే. ఈనాడు కృత్రిమపదార్థాలు కూడా ఉన్నవి.

ఆశ పెంచే గిరాకీ

చాకు నచ్చి కొనటం ఒక గిరాకీ. రేపు వెల పెరుగుతుందని కొనటం మరొక గిరాకీ. మొదటిది వెల పెరిగితే తగ్గుతుంది. రెండవది వెల పెరిగినకొద్దీ పెరుగుతుంది. పెరిగిన వెలే పెరుగుదలకు సాక్ష్యమవుతుంది. కాని పెరుగుదల ఆగిన దినమున ఈ రెండవ గిరాకీ మాయమవుతుంది. అంతేకాదు, కొన్నవారే అమ్మేవారవుతారు. ఒక అలుగు వెనుకకు పోతుంది, రెండవ అలుగు ముందుకు వస్తుంది. 1990లలో అమెరికాలో బీనీ బేబీలు అనే గుడ్డబొమ్మల విషయంలో ఇట్లాగే జరిగింది. ఫలానా బొమ్మ ఇక చేయబోమని కంపెనీ ప్రకటించినపుడల్లా జనం ఎగబడ్డారు. 1999 తరువాత చాలవాటి వెల పడిపోయింది. బొమ్మలు మారలేదు, ఆశ మారింది. వెల హెచ్చుగా ఉన్నచోట దొంగముద్రలు కూడా పుడతాయి. పాత అలుగుపై క్రొత్తగా పాతముద్ర వేసి మోసగించటం చాకుల సంతలో ఎరిగినదే.

తరగతిలో చేయదగిన ప్రయోగం

ఈ విషయాన్ని ఉన్నతపాఠశాల తరగతిలో సులభంగా చూపవచ్చును. ఉపాధ్యాయుడు ఒకే రకమైన అయిదు పెన్సిళ్ళను బల్లపై ఉంచాలి. ప్రతి విద్యార్థి తాను ఒక పెన్సిలుకు హెచ్చులో హెచ్చు ఎంత ఇవ్వగలడో ఇతరులకు చూపకుండా చీటిపై వ్రాయాలి. చీట్లను పెద్ద సంఖ్య మొదలు వరుసగా పేర్చితే గిరాకీరేఖ తయారవుతుంది. అయిదవ చీటికీ ఆరవ చీటికీ మధ్యనున్న ఏ వెలకైనా అయిదు పెన్సిళ్ళు అయిదుగురికి సరిపోతాయి. అదే సమతౌల్యపు వెల. తరువాత పెన్సిళ్ళను అంతకంటె తక్కువ వెలకు చీట్లు తీసి ఇచ్చి, దక్కినవారిని ఎంతకు తిరిగి అమ్ముతారో అడగాలి. మొదట వారు వ్రాసిన సంఖ్యతో దానిని పోల్చాలి. పదవ పెన్సిలు, ఇరవయ్యవ పెన్సిలు తెచ్చిపెట్టినపుడు వెల ఎట్లా దిగుతుందో అదే వరుసలో చూడవచ్చును.

ఇక మీదట ఏ పెట్టెపైనైనా పరిమితసంఖ్య అనే మాట కనపడినపుడు విద్యార్థి మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఎన్ని ఉన్నవి? వాడి పోగొట్టేవారు ఎందరు, దాచేవారు ఎందరు? వెల పెరగకపోయినా దీనిని కోరేవారు ఎందరు? మూడవ ప్రశ్నకు జవాబు తెలిసినవాడు కొన్న చాకు వెల రేపు పడిపోయినా బాధపడడు. దానితో పెన్సిలు చెక్కుకోవచ్చును, మామిడికాయ కోసుకోవచ్చును. ఆ ప్రయోజనం మారుబేరపు సంత మీద ఆధారపడి ఉండదు.